గుమ్మం ముందు గుమ్మడికాయ, పొయ్యి మీద పులుసు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హనుమకొండ. మా వారి ఉద్యోగం వల్ల ఈ ఏప్రిల్‌లో అమెరికాకి, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కి వచ్చాం. బాబుకి అయిదేళ్లు, కిండర్‌గార్టెన్‌కి వెళ్తున్నాడు. ఎండలున్నన్నాళ్లు బాగానే గడిచింది. సెప్టెంబర్ దాటి, ఇక్కడివాళ్లు ‘ఫాల్’ అనే ఆకురాలే కాలం వచ్చేసరికి చుట్టుపక్కల ఇళ్లన్నీ మారిపోయాయి. మెట్ల మీద గుమ్మడికాయలు, తలుపులకి ఎండుటాకుల దండలు, ఏ షాపులోకి వెళ్లినా దాల్చినచెక్క వాసన. ‘అమ్మా, మనింటికి ఫాల్ ఎప్పుడొస్తుంది?’ అని బాబు రోజూ అడుగుతున్నాడు. మాది రెండో అంతస్తులో అద్దె అపార్ట్‌మెంట్, ఒక్క జీతం, గోడకి మేకు కొట్టనివ్వరు. పోనీ ఒక గుమ్మడికాయ కొందామంటే, ఫోన్‌లో మా అత్తమ్మ ‘గుమ్మం ముందు దయ్యం మొహం పెట్టుకుంటరా ఎవరన్నా’ అని కోప్పడ్డారు. ఆవిడ నవంబర్‌లో మా దగ్గరికి వస్తున్నారు. ఇంకోపక్క ఇడ్లీ పిండి పులవడం మానేసింది, ఊరి నుంచి వచ్చినవాళ్లిచ్చిన కరివేపాకు మొక్క ఆకులు రాల్చేస్తోంది. సాయంత్రం త్వరగా చీకటి పడుతుంటే నాకేదో దిగులుగా ఉంటోంది. ఈ కాలాన్ని ఇంట్లోకి ఎలా తెచ్చుకోవాలి? ఏం వండితే బాగుంటుంది?
ఒక పాఠకురాలు, కొలంబస్

జవాబు: అమ్మా, ముందు బాబుకి జవాబు చెప్పేయండి. ఫాల్ మీ ఇంటికి వచ్చి చాలా రోజులైంది. పిండి పులవకపోవడం, కరివేపాకు రాలడం దాని పనే. రానిది అలంకరణ ఒక్కటే, అదీ పెద్ద ఖర్చు లేకుండానే అవుతుంది.

పక్కిళ్లను చూసి టెన్షన్ పడకండి. ఆ మెట్లు, వరండా, వాటి మీద గడ్డిమోపులు సొంత ఇల్లు ఉన్నవాళ్ల ముచ్చట. ఏటా కొన్నవన్నీ గరాజ్‌లో దాచుకుని మళ్లీ తీస్తుంటారు. మీకు రెండో అంతస్తులో ఒక తలుపు, ఒక కిటికీ, ఒక భోజనాల బల్ల ఉన్నాయి. అవి చాలు. ప్లాస్టిక్ ఆకుల దండలు, ‘హలో ఫాల్’ అని రాసిన చెక్కముక్కలు, సెంటు కొవ్వొత్తులు మాత్రం కొనకండి. డబ్బు కోసమే అనడం లేదు. ఆ ప్లాస్టిక్ ఆకుకి నాలుగడుగుల దూరంలో నిజం ఆకు ఊరికే పడి ఉంటుంది.

బతుకమ్మ పేర్చిన చేతులకి పువ్వులు సర్దడం నేను నేర్పక్కర్లేదు. వేయిస్తంభాల గుడి దగ్గర ఆడి వచ్చినవాళ్లు మీరు. తమాషా ఏంటంటే, ఈ కాలంలో మీ ఊళ్లో పూసే పువ్వులనే ఇక్కడా ఈ కాలంలో అమ్ముతారు. గ్రాసరీ స్టోర్ బయట ‘మమ్స్’ అని కుండీలు వరసగా పెడతారు చూడండి, అవి మన చామంతులే. వాటి పక్కనే ఎర్రగా, పసుప్పచ్చగా కంకుల్లా నిలబడి ఉండేవాటికి ‘సెలోసియా’ అని చీటీ ఉంటుంది. గునుగు పువ్వుదీ ఆ జాతే. బంతి ఎలాగూ ఉంది, గడ్డమంచు పడేదాకా పూస్తుంది. దొరకనిది తంగేడు. దాని బదులు సెప్టెంబర్‌లో రోడ్ల పక్కన గోల్డెన్‌రాడ్ అని ఒక మొక్క పచ్చటి పసుపు రంగులో విరగబూస్తుంది. దాన్ని చూస్తేనే తుమ్ములొస్తాయని ఇక్కడ చాలామంది దూరం జరుగుతారు. పాపం, దాని తప్పేం లేదు. దాని పుప్పొడి బరువైనది, గాలికి లేవదు, తేనెటీగలు మోసుకుపోవాల్సిందే. తుమ్మించేది అదే రోజుల్లో పూసే రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క. దాని పువ్వు ఆకురంగులోనే ఉండి కంటికి ఆనదు కాబట్టి నింద గోల్డెన్‌రాడ్‌కి పోయింది. ఈ ఏడు బతుకమ్మ అయిపోయినా పరవాలేదు, వచ్చే ఏటికి గుర్తుపెట్టుకోండి. పార్కుల్లో మాత్రం కోయకండి, ఒప్పుకోరు.

చామంతి కుండీ ఒక్కటి కొనండి. పూర్తిగా విచ్చినది కాకుండా, మొగ్గలు ఎక్కువగా ఉండి అక్కడక్కడ రంగు కనిపిస్తున్నది తీసుకుంటే వారాల తరబడి పూస్తుంది. ఆ కుండీల్లో మట్టి తక్కువ, వేళ్లు ఎక్కువ, అందుకని త్వరగా ఎండిపోతుంది. పూల మీద కాకుండా మొదట్లో నీళ్లు పోయండి. దాన్ని తలుపు పక్కన పెట్టి, గడప ముందు చిన్న ముగ్గు వేస్తే మీ గుమ్మం తయారైనట్టే. కారిడార్‌లో పొడి ముగ్గు వద్దంటారనుకుంటే ఒక నల్ల అట్టముక్క మీద వేసి పెట్టండి.

ఆకులు ఏరే పని బాబుది. కొలంబస్‌లో అక్టోబర్ మధ్య నుంచి నెలాఖరు దాకా రంగులు బాగా తిరుగుతాయి. తడి లేని రోజు చూసి వెళ్లండి, తడి ఆకులు బూజు పడతాయి. మేపుల్ ఆకులు ఎర్రటివి, విసనకర్ర ఆకారంలో ఉండే గింకో ఆకులు పసుప్పచ్చవి ఏరుకొచ్చి, కాగితాల మధ్య పెట్టి మీ దగ్గరున్న లావుపాటి పుస్తకం కింద ఒక వారం ఉంచితే చదునుగా ఆరతాయి. పురికొసకి మామిడాకుల తోరణం కట్టినట్టే కట్టి, గోడ పాడవకుండా ఊడొచ్చే అంటుకొక్కేలు ఉంటాయి కదా, వాటితో తలుపుకి వేలాడదీయండి. ‘ఆకులెందుకు ఎర్రబడ్డాయి’ అని బాబు అడక్క మానడు. పసుపు రంగు ఆకులో మొదట్నుంచీ ఉన్నదే, ఆకుపచ్చ రంగు దాన్ని కప్పేసింది, పగటి వెలుగు తగ్గి, చలి పడి ఆకుపచ్చ కరిగిపోగానే పసుపు బయటపడింది. ఎరుపు అలా కాదు, పగలు ఎండ, రాత్రి చలి ఉన్న రోజుల్లో ఆకు కొత్తగా తయారుచేసుకుంటుంది. అందుకే మబ్బు పట్టిన ఏడు ఎరుపు తక్కువగా ఉంటుంది.

ఆకులతో పాటు వాడు నున్నగా, ముదురు గోధుమరంగులో మెరిసే గింజలు కూడా జేబులో వేసుకొస్తాడు. అవి బకై చెట్టువి. ఒహాయోకి ఆ చెట్టు పేరే ముద్దుపేరు. గిన్నెలో పోసి పెడితే చూడ్డానికి బాగుంటాయి గానీ అవి విషం, తినకూడదు. చెస్ట్‌నట్ అనుకుని పొరబడేవాళ్లుంటారు. చిన్నపిల్లలున్న ఇంట్లో వాటిని అందనంత ఎత్తులో పెట్టండి.

ఇక గుమ్మడికాయ, అత్తమ్మ. ఆవిడ మాట తీసిపారేయకండి, ఆవిడకి అర్థమయ్యేలా చెప్పొచ్చు. మనవాళ్లు కొత్తింటికి దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ కట్టరూ? కొన్నిచోట్ల దానికి కోరలు, మీసాలు పెట్టి రాక్షసుడి మొహం కూడా గీస్తారు. ఇక్కడివాళ్లు గుమ్మడికాయకి మొహం చెక్కడం కూడా అలాంటి నమ్మకంలోంచి వచ్చిందే. ఐర్లండ్‌లో అక్టోబర్ ఆఖరి రాత్రి, అంటే హాలోవీన్ నాడు, తిరిగే ప్రేతాలు ఇంటి వైపు రాకుండా టర్నిప్ దుంపల్ని తొలిచి మొహాలు చెక్కేవారు. అక్కడినుంచి వలస వచ్చినవాళ్లకి ఇక్కడ దుంపకన్నా పెద్దగా, మెత్తగా ఉండే గుమ్మడికాయ దొరికింది. అంటే దయ్యాన్ని ఇంట్లోకి పిలవడానికి కాదు, గుమ్మంలోంచే తరిమేయడానికి. ‘అత్తమ్మా, ఇది వీళ్ల దిష్టి గుమ్మడికాయ’ అనండి, నవ్వి ఊరుకుంటారు.

నా సలహా మాత్రం చెక్కొద్దనే. చెక్కిన కాయ వారం తిరిగేసరికి కుళ్లి, ఈగలు ముసిరి, కారిడార్ అంతా వాసన కొడుతుంది. బాబు చేతికి రంగు మార్కర్లిచ్చి మొహం గీయమనండి. కొయ్యని కాయ చల్లటి చోట ఉంటే హాలోవీన్ దాటి, నవంబర్ నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ దాకా కూడా నిలుస్తుంది. నిండు గుమ్మడికాయని ఆడవాళ్లు కొయ్యకూడదని పట్టింపున్న ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి కాబట్టి, అత్తమ్మతో ఆ పేచీ కూడా ఉండదు.

కాయల కోసం ఫార్మ్‌కి వెళ్తే బాబుకి సరదా, కానీ అక్కడ ప్రవేశానికి, బండి షికారుకి, కాయకి వేరువేరుగా డబ్బు తీసుకుంటారు. కాయ గ్రాసరీలో కొని, సరదాకి సర్కిల్‌విల్ వెళ్లిరండి. కొలంబస్‌కి దక్షిణంగా గంటలోపు ప్రయాణం. 1903 నుంచి అక్కడ అక్టోబర్‌లో పంప్‌కిన్ షో జరుగుతోంది, మూడో బుధవారం మొదలై శనివారం దాకా. మనిషి ఎత్తలేని కాయల్ని తూకం వేసి బహుమతులిస్తారు. గుమ్మడికాయతో చేయని తినుబండారం అక్కడ ఉండదేమో అనిపిస్తుంది.

ఇప్పుడు వంట. ఉత్తరంలో మీరు దీన్ని ఆఖర్న అడిగారు గానీ నాకు ఎక్కువ చెప్పాలని ఉన్నది దీని గురించే. ఇల్లు వెచ్చగా అనిపించేది పొయ్యి దగ్గరే.

మొదటి సంగతి, గుమ్మం ముందు పెట్టిన ఆ నారింజరంగు కాయని పులుసుకి వాడొద్దు. అది చెక్కడానికి పెంచిన రకం, లోపల పీచు, నీరు తప్ప రుచి ఉండదు. మనం ఇంట్లో వండే తీపి గుమ్మడికి దగ్గరి చుట్టం బటర్‌నట్ స్క్వాష్. లేత గోధుమరంగు చెక్కు, పైన సన్నటి మెడ, కింద బొద్దు పొట్ట. మాటవరసకి చుట్టం అనలేదు, మన తీపి గుమ్మడి ఎక్కువగా ఏ జాతిదో ఇదీ ఆ జాతిదే. ఇక్కడ డబ్బాల్లో అమ్మే గుమ్మడి గుజ్జు చేసే డికిన్‌సన్ రకం కూడా అదే జాతి. నిజానికి గుమ్మడి పుట్టిల్లే అమెరికా ఖండం, మన పెరట్లోకి వచ్చింది తర్వాత. కాబట్టి బటర్‌నట్‌ని పరాయి కూరగాయలా చూడక్కర్లేదు.

మా వైపు దప్పళం అంటాం, మీ వైపు పులుసు అంటారు. రెండు పౌన్ల కాయ, అంటే సుమారు 900 గ్రాములది, నలుగురికి సరిపోతుంది. చెక్కు గట్టిది కాబట్టి ఫోర్క్‌తో నాలుగైదు చోట్ల పొడిచి మైక్రోవేవ్‌లో రెండు మూడు నిమిషాలు పెట్టండి, పీలర్‌కి లొంగుతుంది. పీలర్ పట్టుకునే ముందు చేతులకి కాస్త నూనె రాసుకోండి. చెక్కు తీసిన చోట సన్నటి బొట్లు బొట్లుగా జిగురు ఊరుతుంది, అది వేళ్లకంటి ఆరిందంటే చర్మం బిగుసుకుపోయి, పొరలా ఊడుతుంది. సబ్బుకి కూడా ఓ పట్టాన పోదు. మెడని, పొట్టని విడదీసి కోస్తే చెయ్యి జారదు. మెడలో గింజలుండవు, అందంగా ముక్కలు తెగుతాయి. పొట్టలో గింజలు పారేయకండి, కడిగి ఆరబెట్టి, ఉప్పు, కారం, చుక్క నూనె పట్టించి ఒవెన్‌లో వేయిస్తే పప్పన్నంలోకి నంజుకోవచ్చు.

నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పులుసు తీసి, పలచగా చేసి, పసుపు, ఉప్పు, కారం వేసి మరగనివ్వండి. అందులో గుమ్మడి ముక్కలు, ఒక చిలగడదుంప, చీల్చిన పచ్చిమిర్చి, ఫ్రీజర్‌లో దొరికే మునక్కాడ ముక్కలు, పొట్టు తీసిన చిన్న ఉల్లిపాయలు వేయండి. ఇక్కడ పెర్ల్ ఆనియన్స్ అని సంచుల్లో వస్తాయి, మరిగే నీళ్లలో ఒక నిమిషం వేసి తీస్తే పొట్టు జారిపోతుంది. ముక్కల్ని ముందే విడిగా ఉడకబెట్టకండి. బటర్‌నట్ త్వరగా మెత్తబడే రకం, నీళ్లలో అయితే చితికిపోతుంది, పులుపులో అయితే ముక్క నిలబడుతుంది. బెల్లం మీ ఊళ్లో వేసే దాంట్లో సగం వేసి రుచి చూడండి, ఈ కాయకే తీపి ఎక్కువ. దించే ముందు చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. పోపు పెట్టేటప్పుడు స్మోక్ అలారం మోగుతుందన్న భయం ఉంటే, ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, బెడ్‌రూమ్ తలుపు మూసి, మూకుడు మరీ కాలనివ్వకుండా పెట్టండి. అలారం బ్యాటరీ మాత్రం తీయకండి, కొందరు తీసేసి మర్చిపోతారు, అది ప్రమాదం. ముద్దపప్పు, నెయ్యితో తింటే ఆ పూట ఇంకేం అక్కర్లేదు. మర్నాటికి ఇంకా బాగుంటుంది.

రెండోది క్రాన్‌బెర్రీ అనే ఎర్రటి చిన్న పుల్లకాయలతో చేసే పప్పు. అమెరికాలో మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఇప్పుడు ఇది బాగానే అలవాటైంది. సెప్టెంబర్ మధ్య నుంచి కోత మొదలై, అక్టోబర్, నవంబర్లలో 12 ఔన్సుల సంచుల్లో, అంటే 340 గ్రాములవి, తాజా కాయలు వస్తాయి. పచ్చి కాయ కొరికితే పులుపు, వగరు కలిసి దవడ లాగేస్తుంది. ఆ పులుపే మనకి కావాల్సింది. కాయల్ని పప్పుతో కలిపి కుక్కర్‌లో పెట్టకండి, పులుపుకి పప్పు బద్ద ఉడకదు. కందిపప్పు విడిగా మెత్తగా ఉడికించుకోండి. మూకుట్లో నూనె వేసి వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్ర పోపు పెట్టి, పచ్చిమిర్చి, ఒక కప్పు కాయలు వేస్తే నిమిషంలో టప్‌టప్‌మని పగులుతాయి. అప్పుడు పప్పు కలిపి ఒక పొంగు రానివ్వండి. రంగు చూసి బాబు పేచీ పెట్టడు, గులాబీగా ఉంటుంది. ఇవే కాయలతో గోంగూర పచ్చడి పద్ధతిలో పచ్చడి కూడా చేస్తారు. మీ దగ్గర గోంగూర దొరక్కపోతే ఇది బాగానే సర్దుకుంటుంది గానీ, గోంగూరలాగే ఉంటుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. థాంక్స్‌గివింగ్ అయ్యాక తాజా కాయలు మెల్లిగా మాయమవుతాయి. సంచి సంచిగా ఫ్రీజర్‌లో పడేయండి, కడగక్కర్లేదు, వాడే ముందు కడుక్కోవచ్చు.

పుల్లమామిడి కోసం మొహం వాచిపోతే గ్రానీ స్మిత్ ఆకుపచ్చ ఆపిల్ తురిమి పులిహోర కలపండి. నిమ్మరసం కొద్దిగా తోడవ్వాలి, అంతే.

హనుమకొండ ఆడపడుచుకి సర్వపిండి చెప్పడం తాతకు దగ్గులు నేర్పినట్టే, కానీ ఈ చలి సాయంత్రాలకి దాన్ని మించింది లేదు కాబట్టి ఒక్క మాట. సొరకాయ తురుము బదులు బటర్‌నట్ తురుము కలిపి చూడండి, లోపల మెత్తగా, కొద్దిగా తియ్యగా ఉంటుంది, అంచు మాత్రం కరకరలాడుతుంది. తురుములోనే తడి ఉంటుంది, నీళ్లు చూసి పోయండి. ఇక్కడి కరెంటు పొయ్యి ఆపినా చాలాసేపు వేడి వదలదు, అందుకని పిండి అద్దడానికి రెండో పెనం పెట్టుకుంటే ఒకటి కాలుతుండగా ఇంకోటి చల్లారుతుంది.

దాల్చినచెక్క వాసన సంగతి. అందరూ మోజుపడే పంప్‌కిన్ స్పైస్‌లో గుమ్మడికాయ ముక్క కూడా ఉండదు. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం, ఆల్‌స్పైస్ అనే ఎండుకాయ కలిపిన పొడి అది. గుమ్మడి పై అనే తీపిలో వేసేందుకు మెకార్మిక్ కంపెనీ 1934లో అమ్మడం మొదలుపెట్టింది, 2003లో స్టార్‌బక్స్ దాన్ని కాఫీలో కలిపాక ఊరంతా పాకింది. ఆల్‌స్పైస్ ఒక్కటి మినహా మిగతావన్నీ మీ పోపుల పెట్టెలోనో, మసాలా డబ్బాలోనో ఉన్నవే. ఆపిల్ సైడర్ ఒక గాలన్ తెచ్చుకోండి. ఇక్కడ సైడర్ అంటే వడకట్టని ఆపిల్ రసం, మత్తు ఉండదు, మత్తుండేదానికి ‘హార్డ్ సైడర్’ అని రాసుంటుంది. తోటల దగ్గర కొంటే పాశ్చరైజ్ చేసిందో లేదో అడగండి, చేయనిదైతే బాబుకి మరిగించే ఇవ్వాలి. చిన్న గిన్నెలో రెండు గ్లాసుల సైడర్, ఒక దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, దంచిన అల్లం ముక్క వేసి సన్నటి సెగ మీద పావుగంట ఉంచితే ఇల్లంతా గుప్పుమంటుంది. కొవ్వొత్తి అయితే వాసనే, ఇది తాగొచ్చు కూడా.

గుమ్మడి హల్వా చేయాలనుకుని డబ్బా కొంటే దాని మీద చదవండి. 15 ఔన్సుల డబ్బాలు రెండు రకాలుగా పక్కపక్కనే ఉంటాయి. ‘100 శాతం పంప్‌కిన్’ అని ఉన్నది మనకి కావాల్సింది. ‘పంప్‌కిన్ పై’ మిశ్రమం అయితే అందులో చక్కెర, మసాలా ముందే కలిపేసి ఉంటాయి, యాలకుల వాసన దాని ముందు నిలవదు.

ఇడ్లీ పిండి సమస్య చలి వల్లే. ఎండాకాలంలో ఎనిమిది గంటల్లో పొంగింది ఇప్పుడు పద్నాలుగు, పదహారు గంటలు తీసుకోవచ్చు. గోరువెచ్చటి నీళ్లతో రుబ్బి, చేత్తో కలిపి, ఒవెన్‌లో పెట్టి లోపలి దీపం మాత్రం వేసి వదిలేయండి. ఆ దీపం వేడి చాలు. దీపం ఎల్ఈడీ అయితే వేడి రాదు, అప్పుడు పక్కన మరిగే నీళ్ల గిన్నె పెట్టాలి. ఒవెన్ మీట మీద ‘పిండి ఉంది’ అని కాగితం అతికించండి. పిండి లోపల ఉందని తెలియక ఎవరో పిజ్జా కోసం ఒవెన్ వేడి చేసిన కథ ఇక్కడ ప్రతి తెలుగింట్లో ఒకటుంటుంది. పెరుగు కూడా అలాగే తోడు పెట్టుకోవచ్చు.

కరివేపాకు మొక్క బాల్కనీలోనే ఉందా? రాత్రి వేడి 50 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్‌కి దిగుతోందంటే లోపలికి తెచ్చేయాలి. తెచ్చేముందు ఆకుల వెనకవైపు, కాడల మీద పురుగులుంటే కడిగేయండి. ఎండ వచ్చే దక్షిణపు కిటికీ దగ్గర పెట్టి, మట్టి పైన ఆరాకే నీళ్లు పోయండి. ఎరువు వసంతం దాకా వద్దు. లోపలికి తెచ్చినా ఇంకొన్ని ఆకులు రాలుస్తుంది, కంగారుపడి నీళ్లు ఎక్కువ పోయకండి, చలికాలంలో ఈ మొక్కలు చాలావరకు పోయేది అందుకే. కొమ్మ మీద గోటితో చిన్నగా గీరండి, లోపల ఆకుపచ్చగా ఉంటే బతికున్నట్టే. తులసి ఉంటే దానికీ ఇదే వర్తిస్తుంది.

చీకటి గురించి. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ రోజు నుంచి కొలంబస్‌లో సాయంత్రం అయిదున్నర ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. మొదటిసారి అది అందరికీ గుండెలో కలుక్కుమంటుంది. అది ఇంచుమించు కార్తీక మాసం రోజులే కావడం మనకి కలిసొచ్చిన సంగతి. బాబుని స్కూల్ నుంచి తెచ్చాక, దీపం పెట్టే పని వాడితో చేయించండి. నూనె దీపం అయితే పళ్లెంలో, ఎండుటాకుల తోరణానికి దూరంగా. అపార్ట్‌మెంట్‌లో ఒప్పుకోకపోతే బ్యాటరీ దీపాలు పెట్టినా దేవుడేం అనుకోడు. పైనున్న తెల్లటి లైటు ఆపి, మూలన పసుపు వెలుగుండే చిన్న దీపం వేసుకుంటే గది మారిపోతుంది. అంతకన్నా ముఖ్యం, పగలు ఎండ ఉన్నప్పుడు అరగంట బయట నడవడం. కోటు వేసుకుని వెళ్లండి, వాన పడినా వెళ్లండి. ఇవన్నీ చేసినా రెండు వారాలకి పైగా దిగులు వదలకపోతే, నిద్ర, ఆకలి మారిపోతే డాక్టర్‌తో చెప్పండి. వెలుతురు తగ్గడం వల్ల వచ్చే డిప్రెషన్ ఒకటుంది, దానికి పొద్దున్నే 10,000 లక్స్ వెలుతురిచ్చే లైట్ బాక్స్ ముందు కూర్చోవడం లాంటి చికిత్సలున్నాయి. ఇది మీ మనసు బలహీనత కాదు, దాచుకునే విషయం అంతకన్నా కాదు.

ఇక అత్తమ్మ రాక. నవంబర్‌కి హీటర్ నిరంతరం నడుస్తుంటుంది, గాలి పొడిబారుతుంది, మొదటి వారమే ఆవిడ పెదవులు, మడమలు పగులుతాయి. గదిలో గాలికి తేమనిచ్చే చిన్న హ్యుమిడిఫయర్, మంచం కిటికీకి దూరంగా, పాదాలకి మందపాటి మేజోళ్లు ముందే సిద్ధం చేయండి. మిరియాల చారు బాధ్యత ఆవిడకే అప్పగించండి, రెండో రోజు నుంచే ఇల్లు తనది అనిపిస్తుంది. ఊరి నుంచి కొబ్బరినూనె తెస్తానంటారు. 76 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే 24 సెల్సియస్‌కి, తగ్గగానే అది గడ్డకట్టి సన్నమూతి సీసాలోంచి చుక్క కూడా రాదు, వెడల్పు మూతి డబ్బాలో పోసి తెమ్మని ఇప్పుడే ఫోన్‌లో చెప్పండి.